మూడో తాలుకాయ

ఆ రోజు పొద్దున్నే మబ్బు దిగింది. మార్చిలో రాకూడని మబ్బు. అద్దంకి నుంచి గుంటూరు దాకా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. జనం పట్టాలు పట్టుకుని పరుగులు పెడుతున్నారు.

గుంటూరులో ఒక న్యూస్ వెబ్‌సైట్ ఆఫీసు. మూల సీట్లో దళసరి కళ్ళద్దాల మనిషి, థంబ్‌నెయిల్ డిజైనర్ రామకాంత్. ఆ అద్దాలకు పవర్ లేదు. ఆ పేరూ అతనిది కాదు. అసలు మనిషి ఇమ్మానియేలు, కౌంటర్ ఇంటెలిజెన్స్ ఏజెంట్.

చెవిలో పెసరగింజంత ఇయర్‌పీస్. అందులో చీఫ్ అనంతపద్మనాభం గొంతు.

"మిస్సైల్ సైంటిస్టు హైవే మీద వస్తున్నాడు. మూడు తెల్లకార్లు, ఆయన రెండోదాంట్లో. సింగరాయకొండ దగ్గర ఏదో లారీలో షూటర్ ఉన్నాడు. ఏ కారు కొట్టాలో నీ థంబ్‌నెయిల్ చూసి తెలుసుకుంటాడు. వాళ్ళ మధ్య ఫోన్లుండవు."

"కార్లు ఆపెయ్యొచ్చు కదండీ?"

"ఆపినా, ఆయన్ని కారు మార్చినా వాడు మాయమై రేపు ఇంకోచోట తేలతాడు. మూడో కారు బుల్లెట్‌ప్రూఫ్. లోపల మన కమాండోలు. వాడు దాన్నే కొట్టాలి."

రోజూ పదింటికి 'నేటి మిర్చి ధరలు' అని వార్త వెళ్తుంది. మిర్చి రాశి ఫోటో యాంకర్ రెబ్కా పంపుతుంది. ఇమ్మానియేలు దాన్ని కత్తిరించి, అక్షరాలు వేసి థంబ్‌నెయిల్ చేస్తాడు. రెండు నెలల కిందట అతని కన్ను ఒకచోట ఆగింది. ఎర్రటి రాశి పైన తాలుకాయలు, తెల్లబారి పనికిరాకుండా పోయిన కాయలు. అతని తల్లి కూలికి కాయలు ఏరి అతణ్ణి పెంచింది. చూపించే రాశి పైన తాలు వదిలిన మనిషిని అతను పుట్టి ఎరగడు. వరసగా పది రోజులు లెక్కపెట్టాడు. తాలుకాయల లెక్కే విదేశీ ముఠా కోడ్ అని తేలింది.

రెబ్కా అంటే పట్టుచీర, లిప్‌స్టిక్, లక్షమంది ఫాలోయర్లు. అతను నిలదీస్తే బెదరలేదు.

"ఎన్నాళ్ళకు చూశావయ్యా! నాన్నని చంపుతామంటే ఒప్పుకున్నా. గుర్తు ఏదో నన్నే ఎంచుకోమన్నారు. తాలుకాయ పెట్టా. కళ్ళంలో పెరిగినోడు ఒక్కడైనా పట్టుకుంటాడని."

ఆ రోజు నుంచి ఆమె డబుల్ ఏజెంట్. అతనికి ఇంకేదో కూడా. అది ఏ రిపోర్టులోనూ రాయలేదు.

తొమ్మిదీ యాభై ఆరు. ఫోటో వచ్చింది. రెండు తాలుకాయలు, అంటే రెండో కారు. వెనకే ఫోన్ మోగింది. రెబ్కా. ఆమె ఎక్కడుందో డిపార్ట్‌మెంటుకి తెలీదు. ముఠా నాయకుడు, కల్నల్ అని పిలిపించుకునేవాడు, పక్కనే కూర్చుని వింటున్నాడని మాత్రం తెలుసు.

"రామకాంత్ గారూ, ఫోటో అందిందాండీ?"

"అందిందండీ."

"మబ్బేసింది. మా నాన్న కళ్ళం మీద పట్టా కప్పాడో లేదో!"

పట్టా కప్పడమంటే, వాళ్ళిద్దరి మధ్య, ఫోటో మార్చెయ్యమని. మారిస్తే అది పక్కనున్న రెబ్కా పనేనని కల్నల్‌కి క్షణంలో తెలుస్తుంది.

"వాన రాదులెండి. కప్పక్కర్లేదు."

"వస్తుందండీ. నాకు తెలీదా? కప్పమనండి." నవ్వింది. ఫోన్ కట్టయింది.

"ఏవయ్యా, నాలుగు మిరపకాయలకి అంతసేపా? పదవుతోంది!" ఎడిటర్ శరత్‌చంద్ర గదిలోంచి అరిచాడు.

ఇమ్మానియేలు ఒక తాలుకాయని కాపీ చేసి రాశి కుడిపక్కన పెట్టాడు. నీడ సరిచేశాడు. మౌస్ మీద చెయ్యి, రోజంతా కాయలు ఏరినట్టు మండింది. సరిగ్గా పదికి పబ్లిష్ నొక్కాడు.

పదీ ఇరవై రెండు.

"మూడో కారుని కొట్టాడు. అద్దం కూడా పగల్లేదు. షూటర్ దొరికాడు. సైంటిస్టు సేఫ్."

"రెబ్కా అండీ?"



"షూటర్ నోరిప్పాకే ఆ ఇల్లు తెలిసింది. కల్నల్‌ని పట్టుకున్నాం. అమ్మాయి అప్పటికే..." చీఫ్ మాట మార్చాడు. "రోడ్డు ప్రమాదం అని వార్త వస్తుంది. నువ్వు సీట్లోంచి లేవకు. అనుమానం రాకూడదు."

మధ్యాహ్నం శరత్‌చంద్ర ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు. "మన పిల్లే. అయినా వార్త వార్తే కదయ్యా. ముఖం పెద్దది చెయ్యి. ఎర్ర బాణం పెట్టు."

ఇమ్మానియేలు లిప్‌స్టిక్ ఫోటోలన్నీ దాటేశాడు. ఒకదాంట్లో ఆమె తలకి తువ్వాలు చుట్టుకుని, వాళ్ళ నాన్న కళ్ళంలో మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతోంది. అదే పెట్టాడు. బాణం పెట్టలేదు. శరత్‌చంద్ర చూసి, తనే పబ్లిష్ నొక్కాడు.

మూడో రోజు అద్దంకి బస్సెక్కాడు. ఊరి చివర కళ్ళంలో రెబ్కా తండ్రి మరియదాసు ఒక్కడే తాలు ఏరుతున్నాడు.

"అమ్మాయి ఆఫీసులో పనిచేస్తానండీ."

మరియదాసు చెయ్యి పంచెకి తుడుచుకుని ఫోన్ తీశాడు. తెర మీద ఆ థంబ్‌నెయిల్.

"టీవీ మొహాలు నాకు ఆనవు బాబూ. ఇది మా పిల్ల. ఎవరు చేశారో గానీ, చల్లగా ఉండాలి." ఫోన్ పక్కన పెట్టి, "నీ పేరేంటయ్యా?" అన్నాడు.

సర్వీసులో పదకొండు పేర్లు మార్చాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇమ్మానియేలండీ."

"రా, అన్నం తిందాం."

మరియదాసు కంచం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టబోయాడు. మాట రాలేదు. ఆమెన్ కూడా అనకుండానే ముద్ద కలిపాడు. ఇద్దరూ గోంగూర పచ్చడి కలుపుకుని తిన్నారు. అసలు పేరు చెప్పినందుకు చీఫ్ మెమో ఇస్తాడు. ఇమ్మానియేలు మారు అన్నం పెట్టించుకున్నాడు.