ప్రమాణ కణం

2083 నాటికి కాకినాడలో నాలుక చాపమనే డాక్టరు లేడు. వేలి నుంచి ఒక్క రక్తపు బొట్టు గాజుపలక మీద పడితే చాలు. ఆ రక్తంలో కొట్టుకొచ్చే అవయవాల ఆనవాళ్లను బట్టి గుండె కణం, కాలేయ కణం కంప్యూటర్లో ప్రాణం పోసుకునేవి. దాన్ని కణఛాయ అనేవారు. మీకు రాయాలనుకున్న మాత్రను ముందు మీ ఛాయ మింగేది. అది తట్టుకుంటేనే మాత్ర మీ చేతికొచ్చేది. ముప్పై ఏళ్ల తర్వాత మీ కాలేయం ఎలా ఉంటుందో ఆ సిమ్యులేషన్ పావుగంటలో నడిపి చూపించేది. జనం దేవుడికి మొక్కడం తగ్గించారో లేదో తెలియదు గానీ, యంత్రం "బాగుంది" అంటే మాత్రం కళ్లకద్దుకునేవారు.

ఆ యంత్రాన్ని తయారుచేసిన సంస్థకు డాక్టర్ హైమవతి ముఖ్య శాస్త్రవేత్త. ఆమె తమ్ముడు సూర్యం పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆర్నెల్లుగా అతనికి కడుపులో నొప్పి, కళ్లలో పసుపు. పదకొండుసార్లు ఆమె అతని ఛాయను నడిపింది. పదకొండుసార్లూ ఒకటే జవాబు: కాలేయ కణాలు ఆరోగ్యంగా ఉన్నాయి.

"నీకేం లేదురా. వేళకి తిని పడుకో, చాలు."

"నీ మిషన్‌కి నొప్పి లేదేమో అక్కా. నాకుంది."

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోట తగల్లేదు. ఇరవై ఏళ్లు కష్టపడి కట్టిన యంత్రాన్ని కాదని తమ్ముడి మూలుగును నమ్మడమా అనుకుంది. చదువుకున్నవాళ్లకు వచ్చే గుడ్డితనానికి ఏ యంత్రంలోనూ మందు లేదు.

పన్నెండోసారి సూర్యం చక్రాల కుర్చీలో వచ్చాడు. అప్పుడు ఆమె సిగ్గు చంపుకొని, పాత పద్ధతిలో కాలేయం ముక్క తీయించి మైక్రోస్కోపు కింద పెట్టించింది. కాలేయమంతా మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. వంశంలో వచ్చే లోపమనీ, తోబుట్టువులు కూడా ఇలాగే ముక్క తీయించి చూపించుకోవాలనీ దాన్ని చూసిన ముసలి డాక్టరు చెప్పాడు. సూర్యానికి మందు పనిచేసే దశ ఎప్పుడో దాటిందనీ చెప్పాడు.

ఆమె నేరుగా వెళ్లి యంత్రం ముందు కూర్చుంది.

"సూర్యం కణాలు బాగున్నాయని దేన్ని చూసి చెప్పావు?"

"ప్రమాణ కణంతో పోల్చి చెప్పాను. దానికంటే అధ్వాన్నంగా లేవు."

ప్రమాణ కణమంటే ఆరోగ్యానికి కొలబద్ద. దేశంలో ప్రతి ఛాయనూ దాని పక్కన పెట్టే చూస్తారు.

"ఆ ప్రమాణ కణాన్ని ఎప్పుడైనా దేనితోనైనా పోల్చావా?"

"పోల్చకూడదని నియమం."

"ఎవరు పెట్టారు?"

"మీరే, డాక్టర్."

హైమవతి ఆ నియమాన్ని కొట్టేసింది. "ఇప్పుడు పోల్చు. పాత వైద్య గ్రంథాలతో" అంది.

"ఇది జబ్బు కణం. పదేళ్లకు పైగా విపరీతంగా మద్యం తాగిన మనిషిది."

ఆమె తలెత్తి గోడ మీది ఫోటో చూసింది. సంస్థను పెట్టిన పురుషోత్తం గారు దండ వెనక నవ్వుతున్నారు. ప్రమాణ కణం ఆయనది. అసలు అనుకున్నది వెయ్యిమంది ఆరోగ్యవంతుల కణాలను కలిపి చేయాలని. ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టగానే, అప్పుడు కొత్త ఉద్యోగి అయిన హైమవతే మైకు అందుకుంది. "మొదటి బొట్టు మీదే పడాలి సార్. మీకంటే ఆరోగ్యంగా ఎవరున్నారిక్కడ?" అంది. సభంతా చప్పట్లు. ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆమె దాన్ని వినయమనుకుంది. ఆ తర్వాత, పెద్దాయన కణంలో ఊళ్లోవాళ్ల కణాలు కలపడం మర్యాద కాదని అందరూ అన్నారు. వెయ్యిమంది జాబితా బీరువాలో ఉండిపోయింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? దేశంలోని జబ్బు కాలేయాలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని తేలుతూ వచ్చాయి.

నెల తిరక్కుండా సూర్యం పోయాడు. పోయే ముందు రోజు, "చెప్పాను గదా అక్కా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే ఆమె గుండెను కోసింది.

ప్రమాణ కణాన్ని మార్చడానికి పాలకమండలి ఒప్పుకుంది, ఎందుకు మారుస్తున్నారో బయటపెట్టకూడదన్న షరతు మీద. పెద్దాయన పేరు చెడుతుందట. తన పేరూ చెడుతుందని తెలిసిన హైమవతి దానికీ తలూపింది. ఈసారైనా పని సవ్యంగా చేయాలని, మళ్లీ వెయ్యిమందిని వెతికి జాబితా రాయించింది.

మార్పు రోజున ఆ జాబితా సంచిలో పెట్టుకొని వేదికెక్కింది. చేమంతుల మధ్య వెండి పళ్లెం, అందులో సూది. కొత్తగా చేరిన కల్హార అనే అమ్మాయి మైకు అందుకుంది.

"మేడమ్ లేకపోతే ఈ సంస్థే లేదండీ. మొదటి బొట్టు మేడమ్‌దే పడాలి."

చప్పట్లు మొదలయ్యాయి. వారం రోజులుగా కుడి డొక్క కింద ఉన్న సలుపు హైమవతికి గుర్తొచ్చింది. ముసలి డాక్టరు చెప్పిన పరీక్షకు తను ఇంకా వెళ్లలేదనీ గుర్తొచ్చింది. వద్దనాలి. ఎందుకు వద్దో ఇంతమంది ముందు చెప్పాలి. ఆనాడు పురుషోత్తం గారి మొహంలో కనబడింది వినయం కాదని ఆమెకు ఇప్పుడు బాగా అర్థమైంది.

జాబితా సంచిలోనే ఉంది. చప్పట్లు ఆగలేదు. హైమవతి నవ్వుతూ వేలు చాపింది.