మూడు ప్రింటర్లు, ఒక పల్చని కాగితం

పది పోల్చి చూసి కొన్నవాడు మోసపోడని లోకం నమ్మకం. ఆ ఇంట్లో పోలిక మొదలై అయిదు నెలలయింది. ఇంతవరకు ఏదీ కొనలేదు, కనుక మోసపోనూ లేదు.

తండ్రి తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్లు దుకాణాల్లో తప్పుడు తూకాలు పట్టుకున్నందుకు వీధిలో ఆయన పేరు తక్కెడగారు. ఇప్పుడు చూపు మధ్యలో మచ్చ ఏర్పడి అచ్చు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఇంటి పత్రాలు, పెన్షను ఉత్తరాలు, డాక్టర్ల చీటీలు స్కాన్ చేసి తెరమీద పెద్దవి చేస్తే ఆయనే చదువుకోగలడు. అంతవరకు చదివిపెట్టేది కూతురు. వేరే ఊళ్లో నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం వచ్చింది. స్కానింగు మొదలయ్యాకే వెళ్తానని మాటిచ్చి, చేరవలసిన తేదీని రెండుసార్లు వాయిదా వేయించుకుంది. ఇక మిగిలింది సోమవారం. అది దాటితే ఉద్యోగం లేదు.

శుక్రవారం ఉదయం, టీ చల్లారుతుండగా, ఆమె స్కానర్ ఉన్న ప్రింటర్ల పోలికల పట్టికను నూటొకటోసారి పైకి చదువుతోంది.

“మొదటిదానికి కాగితం పరిచే అద్దం మాత్రమే. రెండోదానికి అద్దంతోపాటు పైన ఫీడర్ కూడా ఉంది, ముప్ఫై కాగితాలు వరసగా తనే లాక్కుంటుంది. మూడోది రెండువైపులా ఒకేసారి తీస్తుంది.”

“మూడోది నా కాగితాన్ని నలిపింది.”

“రెండోది?”

“అదీ నలిపింది.”

“పోనీ, మొదటిది?”

“దానికి ఫీడరే లేదుగా. వెయ్యి కాగితాలు ఒక్కొక్కటే ఎవరు పెడతారు?”

వంటగది గుమ్మంలోంచి మేనత్త తొంగిచూసింది. “అన్నయ్యా, ఈ ఇల్లు కొన్నప్పుడు ఒక్క పూటలో సంతకం పెట్టావు. ప్రింటరు దగ్గరికొచ్చేసరికి మీనమేషాలు లెక్కపెడుతున్నావు.”

“ఇల్లు కాగితం నలపదు కదమ్మా.”

“ఇవాళ దుకాణానికి నేనూ వస్తాను,” అంది కూతురు.

“నీకెందుకమ్మా ఎండలో?”

ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంది.

దుకాణంలో ఆయన సంచిలోంచి ఒక పాత కార్బన్ నకలు తీశాడు. వెలుతురుకు పెడితే అవతలి మనిషి కనిపించేంత పల్చటిది. దాన్ని రెండో యంత్రం ఫీడర్‌లో పెట్టాడు. రోలర్లు లాక్కున్నాయి. కరకరమని శబ్దం వచ్చి ఆగిపోయింది.

“చూశావా,” అన్నాడు.

దుకాణదారు కాగితాన్ని మెల్లగా బయటికి లాగాడు. “అయ్యా, ఇంత పల్చనిది ఫీడర్‌లో వేయకూడదండి. మూత ఎత్తి అద్దం మీద పెడితే చక్కగా వస్తుంది. పోయినసారీ, అంతకుముందూ ఇదే చెప్పాను కదండీ.”

ఇద్దరూ ఇంటికి వచ్చారు. గదిలోకి రాగానే కూతురు అలమారా తెరిచి కట్టలన్నీ బల్లమీద పెట్టింది. వాటిలో పల్చని కాగితాలు నాలుగైదుకు మించి లేవు.

“తక్కెడ పళ్లెం కింద మైనం అంటించిన వ్యాపారిని నువ్వేం చేసేవాడివి నాన్నా?”

“కేసు రాసేవాణ్ణి.”

“మరి దీన్నేమంటావు?”

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “మొదటిసారి పొరపాటే. నలిగింది. ఆ నెల నువ్వు తేదీ వాయిదా వేయించుకున్నావు. ఆ తర్వాత పొరపాటు కాదు.”

“ఈ గోడలు మీదికొస్తున్నట్టుంటే, నీ కళ్ల కోసం కదా అని ఓర్చుకున్నాను. నన్ను ఇక్కడ కట్టిపడేసింది నీ కళ్లు కాదన్నమాట.”

“చదవలేనని భయం కాదమ్మా. పొద్దున్నే ఆ ఎదుటి కుర్చీలో ఎవరూ ఉండరని.”

“ఉండమని అడగొచ్చుగా.”

“అడిగితే ఉండనంటావని.”

“అనేదాన్నే,” అంది. “అని, ప్రతి ఆదివారం వచ్చేదాన్ని.”

ఆయన తడుముకుంటూ చేయి చాచాడు. ఆమె వెంటనే అందుకోలేదు. కాసేపటికి అందుకుంది. ఇద్దరూ ఏడ్చారు. మేనత్త చల్లారిన టీ పారబోసి మళ్లీ పెట్టింది.

సాయంత్రం రెండో యంత్రం కొన్నారు. శని, ఆదివారాల్లో నాలుగువందల పన్నెండు కాగితాలు స్కాన్ అయ్యాయి. సోమవారం ఉదయం తొమ్మిదికి కూతురు ల్యాబ్‌లో చేరింది.