కుడివైపు కూర్చున్న కూతురు

లోడుకి వెళ్లే రోజు పొద్దున్నే లారీ డ్రైవరు నూర్ మహమ్మద్‌ని ఇంట్లో ఎవరూ కదిలించరు. ఆ సంగతి తెలిసీ సైరా, ఇడ్లీ తింటున్న తండ్రికి కుడివైపు వచ్చి చతికిలబడింది.

"నాన్నా, నా సినిమాలో పది సెకన్లే. లారీలో కూర్చుని ఎదరకి చూస్తే చాలు. డ్రైవరు వేషం వెయ్యాల్సిన సొలొమోను మాస్టారికి జ్వరమంట."

ఆయన తల తిప్పలేదు. "ఫొటోలు తీసే డబ్బాతో సినిమా ఏంటే? జగ్గయ్యపేటంతా నవ్వుతోంది," అన్నాడు పళ్లెంకేసి చూస్తూ.

సైరా నందిగామలో మూసేసిన స్టూడియో నుంచి పాత స్టిల్ కెమెరా కొని తెచ్చి ఆర్నెల్లయింది. అప్పట్నుంచీ ఆయన తనవైపు కన్నెత్తి చూడటమే మానేశాడు. కన్నకూతురి మొహం చూడనంత నేరమా అది?

"పిల్ల అంతలా అడుగుతుంటే ఒక్కసారి కూర్చోరాదుటండీ," అంది వలీబీ వంటింట్లోంచి. భార్య మాట తీసెయ్యలేక ఆయన గొణుక్కుంటూ లేచాడు.

ఇంటి ముందే లారీ. ఆయన ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. వెలుతురు కోసం రెండు తలుపులూ తెరిచి, స్టాండు లేదు కాబట్టి డాష్‌బోర్డు మీద బియ్యం సంచి వేసి, దానిమీద కెమెరా నిలబెట్టి, పక్క సీట్లోకి ఎక్కింది సైరా. ఫొటోల కెమెరాతో సినిమా తీసేవాళ్లకి ఒక తిప్పలుంది. వీడియో తీసేటప్పుడు అది తనంతట తాను ఫోకస్ సరిగా పట్టదు. కెమెరా తెరమీద మనిషి కంటిని పదింతలు పెద్దది చేసి, రెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడేదాకా లెన్సు తిప్పుకోవాలి.

తిప్పింది. వెంట్రుకలు తేటపడ్డాయి. కుడి కంటి నడుమ మాత్రం నలుపు లేదు, బియ్యం కడిగిన నీళ్ల రంగుంది. లెన్సు తుడిచి మళ్లీ చూసింది. అదే రంగు. ఎడమ కన్ను నల్లగా, నిక్షేపంగా ఉంది.

సైరా చప్పుడు కాకుండా దిగి, చుట్టూ తిరిగి, కుడి తలుపు మెట్టెక్కి ఆయన చెవి పక్కన చెయ్యి ఊపింది. ఆయన రెప్ప వెయ్యలేదు.

"ఎక్కడికెళ్లావే?" అని ఎడమవైపు ఖాళీ సీటుని అడిగాడు.

గంటలో ఈ మనిషి హైవే ఎక్కుతాడు. సైరా చటుక్కున వంగి తాళం లాగేసుకుంది.

"తాళమియ్యవే!" ఆయన అరుపుకి వలీబీ బయటికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాన్నకి కుడి కన్ను కనపడట్లేదు!"

"ఎవరన్నారు? ఆ డబ్బానా?" అన్నాడాయన.

"అవును, ఆ డబ్బానే! ఎన్నాళ్ల నించి నాన్నా?"

స్టీరింగు పట్టుకున్న ఆయన చేతులు వదులయ్యాయి. "ఏడాదైంది. పోయిన వారం పరిటాల కాడ... కుడిపక్క నించి ఓ ఆడమనిషి, చంకలో బిడ్డతో. జానెడు దూరంలో ఆగింది బండి. అప్పట్నించీ నిద్ర లేదు."

"యా అల్లా!" వలీబీ మెట్టు మీద కూలబడింది. "డాక్టరుకి చూపించుకోవచ్చుగదండీ!"

"చూపిస్తే లైసెన్సు పోద్ది. ఈ వయసులో ఇంకో పనేమొచ్చు నాకు? ఇది ఆ కెమెరా తెచ్చిన్నాడే నా గుండెల్లో రాయి పడింది. దాని కంట పడితే ఇక దాగదని."

సైరా తాళం తల్లి చేతిలో పెట్టింది. "శుక్లమైతే ఆపరేషన్‌తో పోద్దంట నాన్నా. కాకపోతే ఏం చెయ్యాలో అప్పుడు చూద్దాం. డాక్టరు చెప్పేదాకా మాత్రం బండెక్కనివ్వను."

ఆయన ఫోను తీశాడు. "ఓనరు గారూ, ఇవాళ ముక్త్యాల లోడుకి వెళ్లలేను. నాకు... కన్ను కనపడట్లేదండి." ఆ మాట పైకి అనడం అదే మొదలు. అని ఏడ్చేశాడు.

కంటి డాక్టరు కోసం ఎక్కిన నందిగామ బస్సులో సైరా అలవాటుగా తండ్రికి కుడివైపు కూర్చుంది. బస్సు కదిలాక లేచి ఎడమవైపుకి మారింది.

"ఇన్నాళ్లూ నామీద కోపమనుకున్నా."

"కోపమేంటి తల్లీ? నువ్వా పక్కనుంటే నాకు కనపడవు. తల తిప్పితే కన్ను చూసేస్తావని భయం."

అప్పుడు తిరిగి, కూతురి మొహాన్ని తనివితీరా చూశాడు.

"ఏంటే, ఇంతలా చిక్కిపోయావు?" అన్నాడు.