కుడి పక్క గుండె

"కదలకండి. గీత తలకిందులుగా వస్తోంది."

"నేను కదల్లేదండీ. వానకి మీ బస్సే వణుకుతోంది."

ఆ పిల్ల నవ్వలేదు. పేరు కొనోమి. ఆరోగ్య పరీక్షల బస్సులో చేరి నెల తిరగలేదు. బస్సు యైజు రేవులో, చేపల వేలంషెడ్డు పక్కన ఆగి ఉంది. ఈసీజీ మంచం మీద చొక్కా లేకుండా పడుకున్న రెంజి పైకప్పు వంక చూస్తున్నాడు.

గీత ఎందుకు తలకిందులైందో అతనికి తెలుసు. పుట్టుకతోనే అతని గుండె కుడి పక్కన ఉంది. చెబితే కొంప మునుగుతుంది. పోయినేడు ఒక సరంగు ఆ సంగతి విని, "నడిసముద్రంలో పడిపోతే నిన్ను ఏ పక్క నొక్కాలిరా?" అని పడవ దింపేశాడు. ఇప్పుడు ఎల్లుండి సూర చేపల వేటకి పోయే పడవలో చోటు దొరికింది. డాక్టరు ముద్ర పడితే చాలు.

తెర తోసుకుని పైఅధికారి నుమతా వచ్చాడు.

"మళ్ళీనా? ఎర్ర క్లిప్పు కుడిచేతికి, పసుపుది ఎడమచేతికి!"

"అలాగే పెట్టానండీ."

"మొన్న కూడా అదే అన్నావు."

మొన్న నిజంగానే తారుమారు చేసింది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పే. నుమతా క్లిప్పులు అటూ ఇటూ మార్చాడు. మొదటి గీత తిన్నగా లేచింది. మిగతావి చూడనే లేదు.

"చూశావా? రేపట్నించి బస్సు ఎక్కకు. ఆఫీసుకి నేను చెప్తా."

కిందవాళ్ళ తప్పు దొరికిన రోజున ఇలాంటి పెద్దమనుషులకి రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

ముద్ర పడేదాకా బయట ఉందామని రెంజి గప్‌చిప్‌గా దిగాడు. గండం గడిచిందనుకునేసరికి షెడ్డు చూరు కింద కొనోమి కనపడింది.

"ఏడుస్తున్నారా?"

"వాన."

"చూరు కింద వానేంటండీ?"

"పాసయ్యారుగా, పోండి!" అని మళ్ళీ తనే ఆగింది. "ఒట్టు, ఎర్రది కుడిచేతికే పెట్టాను. నా చేతులే నాకు అబద్ధం చెబుతున్నాయేమోనని భయంగా ఉంది."

ఆ మాటతో రెంజి కాళ్ళు ముందుకు పడలేదు. పడవ పోతే పోయింది.

"మీ చేతులు సరిగ్గానే పెట్టాయి. ఇదిగో, ఇక్కడ చూడండి." ఆమె అరచెయ్యి తీసి తన కుడి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"నడిరేవులో ఇదేం వేషం..." ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగింది. చేతి కింద గుండె దబదబా కొట్టుకుంటోంది. "ఓరి దొంగా! నాకు తిట్లు తినిపించి నోరు మూసుకుని పడుకున్నారా?"

"ఎంతైనా తిట్టండి. ముందు లోపలికి పదండి, నేనే చెప్తాను."

"చెబితే మీకేమీ కాదుగా?"

"పడవ పోతుంది."

ఆమె ఇంకేదో అనేలోపే అతను బస్సు ఎక్కేశాడు.

ముసలి డాక్టరమ్మ ఇసోబే అంతా విని, స్కాన్ తెర మీద గుండె, కడుపు చూసింది. నుమతా కళ్ళద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు.

"కాలేయం కూడా ఎడమకే ఉంది. అంతా అద్దంలో బొమ్మ. గుండెలోంచి వచ్చే పెద్ద ధమని ఎడమకి కాక కుడికి వంగింది, అంతే. గొట్టాలన్నీ ఎక్కడ కలవాలో అక్కడే కలిశాయి నాయనా. నిక్షేపంగా వేటకి వెళ్ళు. దాచడమే ప్రమాదం. కాగితం రాసిస్తా, మీ సరంగుకి చూపించు. నుమతా, ఈ పిల్ల సరిగ్గానే పెట్టిందని ఆఫీసుకి ఫోన్ చెయ్యి."

రెంజి గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. పక్కన కొనోమి కూడా.

"మళ్ళీ తియ్యమ్మా. ఈసారి ఛాతీ మీద పెట్టేవన్నీ కుడి పక్కకి," అంది డాక్టరమ్మ.

ఆమె వేళ్ళు తగిలీ తగలగానే గీతలు పరుగందుకున్నాయి. డాక్టరమ్మ కనుబొమలెత్తింది. "కొనోమీ, తెర బయటికెళ్ళు." పరుగు నెమ్మదించింది. "ఇప్పుడు రా." మళ్ళీ పరుగు.

"దీనికి నా దగ్గర మందు లేదు," అని డాక్టరమ్మ ముద్ర కొట్టేసింది.

రేవు గట్టు మీద కొత్త పడవ సరంగు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "నాకు గాలం లాగే చేతులు కావాలిరా. గుండె నీకిష్టమైన చోట పెట్టుకో. ఎల్లుండి తెల్లారేసరికి పడవ దగ్గరుండు."

ఇంతసేపూ గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డ కొనోమి ఇప్పటికి నవ్వింది.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"పడవ నిండా సూర దొరికితే."

"అయితే తొందరగా దొరకాలి," అనేసి, ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అన్నట్టు ఎర్రబడి, గొడుగు అతని చేతిలో పెట్టి వానలోనే బస్సు వైపు పరుగెత్తింది.