పెల్హామ్ దొర వేసిన కట్టు

పట్టపగలే గుడ్లగూబ కూసింది!

మిట్టమధ్యాహ్నం... అయినా ఆకాశం కాటుక పులిమినట్టు నల్లబడిపోయింది. వర్జీనియాలో రాపహానక్ నది మీద ఉరుములు దొర్లుతున్నాయి. పొగాకు చేలల్లో ఆకు కదలడం లేదు. ఆ భీకరమైన ఉక్కలో టామర్ పరుగెడుతోంది... ఊపిరి బిగబట్టి, లంగా కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని!

వాగు! అదిగో వాగు! అది దాటితే పెల్హామ్ దొర భూమి కాదు. అవతల చిత్తడి అడవి. పారిపోయిన బానిసలు ఆ అడవి లోపల గుడిసెలు వేసుకుని బతుకుతున్నారని వంటశాలలో గుసగుసలు.

ఆమె బొటనవేలు నీటిని తాకింది... చల్లగా! ఒళ్ళు ఝల్లుమంది. ఇంతకుముందు ఏనాడూ నీటిదాకా రానిచ్చింది కాదు ఆ నేల. ఆశగా మరో అడుగు వేసింది.

అంతే... పాదాలు వాటంతటవే వెనక్కి తిరిగాయి! అదృశ్యహస్తాలేవో చీలమండలు పట్టి ఈడుస్తున్నట్టు, కాళ్ళు తనవి కానట్టు, వచ్చిన దారినే నడవసాగాయి. కొమ్మ పట్టుకుని వేలాడింది. గోళ్ళు విరిగాయి. కాళ్ళు ఆగలేదు. వంటశాల గుమ్మం దగ్గరకు వచ్చాకే ఆగాయి.

కోడి ఈకలు పీకుతున్న వంటమనిషి సుకీ అత్త తలెత్తింది.

"షికారు అయిందా తల్లీ? పై ఊళ్ళన్నీ చూసొచ్చావా?" అని నవ్వబోయి, టామర్ తడికాలు చూసి నోరు తెరిచింది. "ఓసి పిచ్చిదానా... నీళ్ళు తగిలాయా నీకు?"

"తగిలాయత్తా! కట్టు సడలుతోంది!"

"అరవకే! నీకు తెలిసిందంటే ఆయనకు ముందే తెలిసుంటుంది."

ఆంబ్రోజ్ పెల్హామ్ దొర మామూలు మనిషి కాదు. న్యాయస్థానంలో సింహం. శాసనసభలో ఆయన లేస్తే వర్జీనియా దొరలంతా చెవులు రిక్కించేవారు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రెవరని ఏ కోర్టూ అడగకూడదని గంటల తరబడి వాదించి నెగ్గిన ఘనుడు. పక్క తోటల్లో బానిసలు పారిపోయేవారు. పెల్హామ్ తోటలో ఒక్కరూ పోలేదు. "దయగల దొర, అందుకే పోరు" అని పాదిరి గారు మెచ్చుకునేవారు. పొలిమేర దాటనివ్వని ఆ మంత్రపు కట్టు సంగతి బానిసలకే తెలుసు.

టామర్‌వి బూడిదరంగు కళ్ళు. పెల్హామ్ దొర కళ్ళు! అది అందరికీ కనబడేది, ఎవరూ అనేవారు కాదు. దొరసాని లెటిస్ మాత్రం ఆ పిల్ల తలెత్తినప్పుడల్లా చెంప పగలగొట్టేది. పసికొడుకు జ్వరంతో పోయిన దగ్గరనుంచీ ఆ చెయ్యి మరీ బరువెక్కింది.

ఆ రోజు పెద్దింట్లో విందు. దొర మళ్ళీ శాసనసభకు ఎన్నికయ్యాడు. తెల్లవారితే రాజధాని విలియమ్స్‌బర్గ్‌కు ప్రయాణం. ఫిడేలు మోగుతోంది, వేయించిన పంది తొడ ఘుమఘుమలాడుతోంది. ఆ సందడిలోంచి లేచి, దొర పెరటి తలుపు దగ్గరకు వచ్చి వేలితో సైగ చేశాడు.

"టామర్, నా ఆఫీసు గదికి రా. దీపాలు వెలిగించాలి."

సుకీ అత్త చేతిలో కోడి జారిపోయింది.

తోట చివర ఒంటరిగా నిలబడ్డ ఇటుకగది అది. టామర్ లోపల అడుగు పెట్టగానే వెనక తాళం పడింది! కిటికీలకు నల్లగుడ్డలు. తోలు అట్టల న్యాయగ్రంథాల నడుమ, ఎర్రమట్టితో గీసిన వలయంలో... ఒక కపాలం! దాని కణతలో దిగ్గొట్టిన వెండిమేకు కొవ్వొత్తుల కాంతికి తళుక్కుమంటోంది. దొర బైబిలు కీర్తనను కడనుంచి మొదటికి, తలకిందులుగా జపిస్తున్నాడు. ఆ విలోమోచ్చారణకు గాలి సైతం మూలిగింది!

పారిపోవాలనుకుంది టామర్. కాళ్ళు తిన్నగా వలయంలోకి నడిచాయి. మోకాళ్ళు వంగాయి. తన దేహమే తనకు చెరసాల!

"భయపడకు," అన్నాడు దొర, కోర్టులో సాక్షిని బుజ్జగించే గొంతుతో. "వాగు దగ్గర నీ కాళ్ళు పట్టుకునేది ఎవరనుకున్నావు? మీ అమ్మే!"

"మా అమ్మ... మా అమ్మను కరోలినాలో అమ్మేశామన్నారు!"

"అమ్మలేదు. కావలి పెట్టాను. అడాకు అని దాని పేరు... ప్రాణం ఉన్నంతకాలం లొంగని మనిషి. పోయాక చూడు, ఎంత బాగా పనిచేస్తోందో!"

టామర్ ఆర్తనాదం చేసింది. ఆ కపాలపు శూన్యనేత్రాల్లోకి చూసింది. ఇన్నేళ్ళూ ఎంతమందిని ఈడ్చుకొచ్చాయో ఆ చేతులు... ఎంత ఏడుస్తూ ఈడ్చుకొచ్చాయో!

"కట్టు నిలవాలంటే దానికి నా రక్తం పొయ్యాలి," దొర కత్తి తుడుస్తున్నాడు. "పోయినసారి నా కొడుకును ఇచ్చాను. జ్వరం తగ్గడానికి వైద్యంగా రక్తం తీయిస్తున్నాననుకుంది లెటిస్. ఇక నాకు మిగిలింది నువ్వే. ఇచ్చేవాడు తన నోటితో ఒప్పుకోవాలి, 'ఇది నా రక్తం' అని. ఈ గోడల మధ్య ఒప్పుకుంటే నాకొచ్చే నష్టమేముంది?"

"నోరు తిరుగుతుందా దొరా?" టామర్ పళ్ళు బిగించి అంది. "ఒక్కసారైనా అనగలవా?"

కత్తి పైకి లేచింది...

సరిగ్గా అప్పుడే పెద్దింట్లోంచి పెనుకేక! ఫిడేలు ఠక్కున ఆగింది. పిడుగు పడ్డట్టు గది తలుపు ముక్కలై కూలింది. గుమ్మంలో లెటిస్ దొరసాని... జుట్టు విరబోసుకుని, కళ్ళు తెల్లగా తిరగబడి! ఆమె వెనక పాదిరి, ఓట్లేసిన దొరలంతా వర్షంలో తడుస్తూ, వణుకుతూ.

"అడా... నా అడా!"

ఆ గొంతు దొరసానిది కాదు! అడా అంటే అమ్మ భాషలో పెద్దకూతురు; పసితనంలో అమ్మ తప్ప టామర్‌ను ఎవరూ అలా పిలవలేదు. టామర్ కళ్ళలో నీళ్ళు పొంగాయి. లెటిస్ నోట ఆ గొంతు గర్జించింది.

"పెల్హామ్! మేకు వదులైంది. నోరొచ్చింది నాకు. చెప్పు! ఎవరి రక్తం పోస్తున్నావు?"

దొర కత్తిని వెనక్కి దాచుకున్నాడు.

"పెల్హామ్ గారూ, ఏమిటీ ఘోరం?" పాదిరి శిలువ పట్టుకుని కీచుగా అరిచాడు. "ఆ పిల్ల మీకేమవుతుంది?"

ఒక్క మాట... ఒక్క మాట అంటే కట్టు బిగుస్తుంది. కానీ ఆ మాట వినడానికి ఊరి పెద్దలంతా గుమ్మంలో ఉన్నారు! దొర ముఖం పాలిపోయింది. టామర్ తలెత్తి, ఆ బూడిదరంగు కళ్ళతో తిన్నగా ఆయన కళ్ళలోకి చూసింది.

"నా... నా బానిస!" అని కేక పెట్టాడు. "నా సొత్తు! దొంగతనం చేస్తే దండిస్తున్నాను. అంతకుమించి నాకేమీ కాదు!"

ఆపైన ప్రళయధ్వని లాంటి వికటాట్టహాసం!

"విన్నారా అందరూ? ఇది వాడి రక్తం కాదట! కొడుకును కోసినప్పుడు మాత్రం 'నా రక్తం' అని ఎంత ముద్దుగా అన్నావురా!"

వెండిమేకు ఎగిరి గోడలో దిగబడింది. మట్టివలయం పగిలింది. కొవ్వొత్తులు బోర్లపడి, గ్రంథాలకు నిప్పంటుకుంది. టామర్ కాళ్ళు తనవయ్యాయి! కపాలాన్ని గుండెకు హత్తుకుని బయటకు దూకింది. దొర కూడా పరుగెత్తాడు... గుమ్మం దాటాడు... అంతలో ఆయన పాదాలు వెనక్కి తిరిగాయి!

"పట్టుకోండి! నన్ను పట్టుకోండయ్యా!"

పాదిరి చొక్కా పట్టుకున్నాడు. చొక్కా చేతికొచ్చింది. అదృశ్యహస్తాలు చీలమండలు పట్టి ఈడ్చుకుపోయాయి. ఎన్నిసార్లు బయటికి ఉరికాడో అన్నిసార్లూ జ్వాలల్లోకే నడిచాడు... చివరిసారి వెళ్ళినవాడు మరి రాలేదు. పైకప్పు కుప్పకూలింది.

పొగాకు కొట్టం వెనక నక్కిన టామర్‌కు దొరల మాటలు వినబడుతున్నాయి.

"కుక్కల్ని వదలండి! ఆ పిల్ల ఎటు పోయింది? అమ్మా, మీరు చూశారా?"

లెటిస్ బురదలో కూలబడి ఉంది. ఇప్పుడామె గొంతు ఆమెదే. కొట్టం వైపు తలెత్తింది. చీకట్లో ఆ బూడిదరంగు కళ్ళు ఆమెకు కనబడ్డాయి, అనుమానం లేదు. ఎప్పుడూ చెంప మీద పడే చెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది.

"లోపలే ఉండిపోయింది," అంది. "నా కొడుకును తిన్నవాడితోపాటే కాలిపోయింది. చచ్చినదాని కోసం కుక్కలెందుకు? పొండి ఇక్కణ్ణుంచి!"

వాగు దగ్గర సుకీ అత్త మూట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. వెనక మరికొందరు, పిల్లల్ని చంకనెత్తుకుని. ఎవరూ నీటిలో దిగే సాహసం చేయడం లేదు.

"నువ్వే ముందు దిగవే," గుసగుసలాడింది సుకీ అత్త. "నాకు గుండె దడగా ఉంది."

టామర్ కపాలాన్ని చెంపకు ఆనించుకుంది. "అమ్మా... ఇక పట్టుకోకు," అంది.

దిగింది. నీళ్ళు మోకాళ్ళదాకా, నడుందాకా వచ్చాయి. ఆమె నడుస్తూనే ఉంది.