మాటకు బదులు మాత్ర

ఆ పొద్దున టైలరక్క స్కూలు చొక్కాలకు కాలర్లు కుడుతూ ఉంది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఇంటి ముందుగది ఆమె దుకాణం, వెనకగదిలో ఆమె ఒక్కతీ ఉంటుంది. పైవాటాలో తమ్ముడు, మరదలు. తమ్ముడికి నలభై దాటినా ఆమెకింకా చిన్నోడే. అమ్మానాన్నలు పోయాక వాణ్ని పెంచింది ఆమే. కనిపించినవాళ్ళందరినీ బతిమాలి, దూరప్రాంతాల బస్సుకు డ్రైవరుగా పెట్టించిందీ ఆమే. డ్యూటీ బట్టలతో వాడు మెట్లు దిగుతుంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

తమ్ముడు గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నీతో ఒక మాట."

"మళ్ళీ కడుపులో మంటేనా?" మిషను తొక్కుతూనే అడిగింది.

"మంట ఎప్పుడూ ఉండేదే. అది కాదు గానీ..."

"వేళకు తినమంటే చెవిన వేసుకోవు. డ్రాయర్లో నా గ్యాసు బిళ్ళలున్నాయి, ఎప్పట్లాగే ఒకటి వేసుకో. పక్కన సిరప్ ఉంది, అదీ ఒక మూత తాగు."

"రెండూ ఒకేసారి వేసుకోవచ్చా?"

"నాకు పడ్డాయిగా, నీకెందుకు పడవు? రెండూ కడుపు మందులేగా. అవతల బస్సుకు టైమవుతోంది, వెళ్ళు."

తమ్ముడు డ్రాయరు తెరిచాడు. సిరప్ తాగి, ఒక బిళ్ళ మింగి, ఇంకొకటి జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు. ఆమె తలెత్తి చూసేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం డిపో నుంచి ఫోను వచ్చింది. దారిలో తమ్ముడు బస్సును పక్కకు తీసి ఆపి, మెట్ల మీద కూలబడి రక్తం కక్కుకున్నాడట. ప్రయాణికులే ఆసుపత్రిలో చేర్పించారట, మరదలు ముందే వెళ్ళిందట. టైలరక్క దుకాణం తలుపు దగ్గరగా వేసి, ఉన్నపళంగా పరుగెత్తింది.

ఆసుపత్రి వరండాలో మరదలు గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చేతిలో తమ్ముడి చొక్కా. వదినను చూడగానే జేబులోంచి బిళ్ళ తీసి చూపించింది.

"ఇది మీదేనా వదినా?"

"నాదే. వాడెలా ఉన్నాడు?"

"లోపల రక్తం ఎక్కిస్తున్నారు. ఏమేం వాడుతున్నారని డాక్టరు అడిగితే నాకు నోరు పెగల్లేదు. మీకు రాసిన మందు ఆయనకెందుకిచ్చారు? పైగా దాని మీద సిరప్ కూడా తాగానని ఆయనే చెప్పారు. రెండూ కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసా?"

"నేను కావాలని చేశానా? వాడు మంట మంటంటే చూడలేక ఇచ్చాను. పక్కనే ఉండేదానివి, నువ్వేం చూసుకున్నావు?"

"నా మాట ఈ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక?"

ఆ మాటలు విని లోపలి నుంచి డాక్టరమ్మ బయటికి వచ్చింది. విసుక్కోకుండా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఆ రెండు మందులూ కలిసినందుకు ఇలా జరగలేదమ్మా. అవసరమైతే మేమే రెండూ రాస్తాం. సిరప్‌కూ మిగతా మందులకూ మధ్య కొంత ఎడం ఉంచమంటాం, అంతే. ఎవరికేది పడుతుందో మాత్రం మనిషిని చూసే చెప్పాలి. ఈయన కడుపులో పుండు ఉంది. మందు వేసుకున్నప్పుడల్లా మంట తగ్గింది, పుండు మానలేదు. అందుకే ఎవరికీ చూపించుకోలేదు. ఇంతకీ నొప్పి మాత్రలేమైనా వాడేవారా?"

మరదలు తల దించుకుంది.

"నడుము నొప్పికి వేసుకునేవారు. డ్యూటీకి వెళ్ళేముందు... నేనే తెచ్చి పెట్టేదాన్ని."

"పుండు ముఖ్యంగా వాటివల్లే అయి ఉంటుంది. ప్రాణానికి భయం లేదులెండి. వేళకు వచ్చారు."

డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఇందాక ఒకరినొకరు అన్న మాటలు ఇద్దరికీ ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. చివరికి మరదలే కళ్ళు తుడుచుకుంది.

"వదినా, ఆయన మీ దగ్గరికి మందుకోసం వచ్చేవారు కాదు. ఈ రోజెలాగైనా అక్కతో చెప్పేస్తానని మెట్లు దిగేవారు. చెప్పలేక అట్నుంచటే డ్యూటీకి పోయేవారు."

"ఏం చెప్పాలని?"

"అది ఆయన నోటితోనే వినండి."

సాయంత్రం లోపలికి రానిచ్చారు. తమ్ముడి మొహం పాలిపోయి ఉంది. అక్కను చూసి లేవబోతే, ఆమె భుజం పట్టి పడుకోబెట్టింది.

"ఏదో చెప్పాలని వచ్చేవాడివట కదరా. చెప్పు."

వాడు పైకప్పు వైపు చూశాడు.

"పెద్ద బస్సు ఇంక నావల్ల కాదక్కా. డిపోలోనే ఉండి బస్సులు చూసుకునే షెడ్డు పని ఇస్తామంటున్నారు. నువ్వెంతమంది కాళ్ళావేళ్ళా పడి పెట్టించావో తెలుసు కదా, నోరు రాలేదు."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావు?"

"నిరుటినుంచి."

టైలరక్క మంచం అంచున కూలబడింది. ఏడాది పొడుగునా వాడు ఎన్ని పొద్దులు ఆ గుమ్మంలో నిలబడ్డాడో. ఒక్కసారి మొహంలోకి చూసి ఉంటే చాలు, ఇంతదాకా వచ్చేది కాదు. మాట వినడానికి తీరిక లేక మందు చేతిలో పెట్టి, దానికే ప్రేమని పేరు పెట్టుకుంది.

"ఆ ఉద్యోగం నీకోసం రా చిన్నోడా, నువ్వు దానికోసం కాదు," అంది. మరదలు వెనకనుంచి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. టైలరక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీమీద అరిచాను. మనసులో పెట్టుకోకమ్మా."

"నేను మాత్రం తక్కువన్నానా వదినా?"

తమ్ముడు మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. మలుపుల దగ్గర నడుము పట్టేయడం, వెనక జనం నిద్రపోతుంటే తన చేతులు వణకడం, ఇంటికి వచ్చి నవ్వు మొహం పెట్టడం. ఆమెకు అడ్డుపడి ఏదో ఒకటి చెప్పాలనిపించింది, అయినా ఆపుకుంది. వాడు గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడల్లా, కళ్ళు ఒత్తుకుంటూ, "ఊ" అంటూ కూర్చుంది.