కిటికీకి ఎదురుగా బెంచీ

"మధ్యాహ్నం ఆ పిల్ల మన రహస్య సందేశాలు విప్పే సైఫర్ కీ విదేశీ ముఠాకి ఇచ్చేస్తుంది. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకో," అన్నాడు చీఫ్.

ఆ పిల్ల సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటర్.

"ఎందుకిస్తోంది సార్?"

"కమాండెంట్ వేధిస్తున్నాడని మూడుసార్లు కంప్లైంట్ పెట్టింది. విచారించమని ఆ కమాండెంట్‌కే పంపారు."

ఏజెంట్‌కి ఒళ్ళు మండింది. "దొంగ చేతికే తాళాలా?"

"అందుకేగా ఇవాళ పబ్లిక్ ఎంక్వైరీ వేసింది! పొద్దుటి నుంచి ఒక్క ప్రాణి రాలేదు. మధ్యాహ్నానికి మూసేస్తున్నారు. నువ్వు కదులు."

బొత్తాంలో మైకు, పెన్నులో కెమెరా, భుజాన ఏసీ మెకానిక్ సంచీ. కంటోన్మెంట్ గేటు ఎదుటి కాఫీ హోటల్లో అడుగుపెట్టాడు. కౌంటర్ వెనక నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ముఠా జీతం తీసుకుంటూ మనకీ కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"ఏసీ చల్లబడట్లేదా?" కోడ్ వర్డ్ చెప్పాడు.

"చల్లబడాల్సింది ఏసీ కాదు." జవాబు సరిపోయింది.

"ఆ పిల్లని ఎలా బుట్టలో వేశావ్?"

"బుట్టా లేదు, తట్టా లేదు. కూర్చోబెట్టి, ఏం జరిగిందమ్మా అని అడిగాను. మీవాళ్ళు ఆ మాత్రం అడగలేదట."

"ఎంక్వైరీ పెట్టాం కదా!"

"పొద్దున వెళ్ళింది. విచారణ గది బయట బెంచీ చూసి వెనక్కొచ్చేసింది. నువ్వూ ఓసారి కూర్చో, తెలుస్తుంది."

కంటోన్మెంట్ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. సరిగ్గా ఎదురుగా కమాండెంట్ ఆఫీసు కిటికీ. లోపల కమాండెంట్ టీ తాగుతూ, బెంచీ మీదికి ఎవరొచ్చారా అని తీరిగ్గా చూస్తున్నాడు.

ఏజెంట్ బొత్తాం నోటి దగ్గరికి లాక్కున్నాడు. "చీఫ్, ఎంక్వైరీ ఇక్కణ్ణించి మార్చండి."

"రాసి పెట్టు. కమాండెంట్ చేత సంతకం చేయించు."

శత్రువుని ఉత్త చేతులతో పడగొట్టడం నేర్పారు. సొంత ఆఫీసుని ఏం చెయ్యాలో ఏ ట్రెయినింగులోనూ చెప్పలేదు.

పళ్ళు కొరుక్కుంటూ విచారణ గదిలోకి వెళ్ళాడు. రిటైర్డ్ జడ్జిగారు ఈగలు తోలుకుంటున్నారు.

"అమ్మా, ఇది బహిరంగ విచారణేనా?"

"కాగితం మీద అంతే నాయనా."

"ఎక్కడ జరపాలో రాశారా?"

"లేదు. నా ఇష్టం."

"అయితే ఆ బెంచీ కొస పట్టండి."

ఆవిడ గుమ్మంలోంచి ఆ కిటికీ వైపు చూసి కొంగు బిగించింది. గేటు దగ్గర సెంట్రీ అడ్డొచ్చాడు. "ఎక్కడికి మేడమ్?"

"రిపేరుకి," అంది జడ్జి.

హోటల్లో మూల బల్ల దగ్గర ఆపరేటర్ పిడికిలి అప్పుడే తెరుచుకుంటోంది. ఎదుట టై కట్టుకున్న విదేశీయుడు చెయ్యి చాచాడు. వాళ్ళ పక్కన బెంచీ దబ్బున దిగింది.

"ఏం జరిగిందమ్మా?" జడ్జి ఆయాసపడుతూ అడిగింది.

పిడికిలి మూసుకుంది. విదేశీయుడు లేవబోయాడు. కౌంటర్ వెనకావిడ షట్టర్ లాగేసింది. ఏజెంట్ వాడి చెయ్యి మెలిపెట్టి కూలదోశాడు.

"ఎక్కణ్ణించి చెప్పనండీ?" ఆపరేటర్ బెంచీ కొసన కూర్చుంది.

"మొదట్నించీ. నాకేం తొందర లేదు."

సాయంత్రానికి ఆ బెంచీ మీద చోటు లేదు. వెనక తమ వంతు కోసం ఇంకా పదిమంది సైనికులు నిలబడే ఉన్నారు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! కీ ఏదీ?"

"ఆపరేటర్ దగ్గరే ఉంది సార్. ఉండాల్సిన చోటే."

"సరే. ఆ బెంచీ ఎవరినడిగి కదిలించావ్? సంజాయిషీ రాసివ్వు."

ముఠా మీద ఫైలు వారంలో మూసేశారు. బెంచీ మీద ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది.